కోర్టుకి వీపు పెట్టిన మనిషి

ఆవిడ పోయిందని తెలిసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆవిడ మొహం కాదు, వీపు.

మా అమ్మాయి శ్రావ్య కాలేజీ నుంచి ఫోన్ చేసింది. "అమ్మా, కోచ్ ఆంటీ చనిపోయింది. హైదరాబాద్‌లో. నిత్య మెసేజ్ పెట్టింది" అంది. నిత్య ఆవిడ కూతురు, మా శ్రావ్య ఈడుది. ఇద్దరూ ఒకే కోర్టులో, ఒకరి బంతి ఒకరు కొట్టుకుంటూ పెరిగారు. ఏం జబ్బో, ఎన్నాళ్ళుగానో అడగాలని కూడా తోచలేదు నాకు. స్టవ్ మీద పెట్టిన పప్పు మాడుతుంటే చూస్తూ నిలబడ్డాను. కళ్ళ ముందు మాత్రం ఒక గడ్డి టోపీ, చెమటకి తడిసిన కమీజు, ఓ మడత కుర్చీ.

ఆవిడ అమెరికాలో మా చాండ్లర్ ఊరి తెలుగు పిల్లలకి టెన్నిస్ నేర్పేది. కానీ ఆ పిల్లలు మ్యాచ్ ఆడుతుంటే మాత్రం చూసేది కాదు. హైస్కూల్ కోర్టుల పక్కనే పార్కింగ్ లాట్. మధ్యలో ఇనప కంచె. ఆ కంచెకి ఆనుకుని కుర్చీ వేసుకుని, కోర్టుకి వీపు పెట్టి, కార్ల వైపు తిరిగి కూర్చునేది. చున్నీ నడుముకి బిగించి, నెత్తిన మొగుడి టోపీ పెట్టి, ఒళ్ళో రాకెట్ పెట్టుకుని పిడికి చుట్టిన పాత గ్రిప్ టేపు ఊడదీసి కొత్తది చుట్టేది. ఎవరి రాకెట్టయినా సరే. చూసినవాళ్ళు ఎవరో బస్సు కోసం ఎదురుచూస్తోంది పాపం అనుకోవాలి. కాకపోతే ఆ రోడ్డు మీద బస్సులెక్కడివి!

శ్రావ్యని బళ్ళో వేసిన కొత్తల్లో మా ఆయనకి కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఉద్యోగం, నాకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. సాయంత్రం పిల్లని ఎక్కడో ఒకచోట పడెయ్యాలి కనక టెన్నిస్‌లో పడేశాం. అంతకు మించి ఆలోచన లేదు. ఆవిడ సికింద్రాబాద్ రైల్వే కాలనీలో సిమెంటు కోర్టు మీద ఆడి, స్టేట్‌కి ఆడి, ఇండియా క్యాంపు దాకా వెళ్ళిందని వాళ్ళాయన చెబితే తెలిసింది. ఆవిడని అడిగితే "ఎప్పటి ముచ్చటక్కా అది" అని కొట్టిపారేసేది. వాళ్ళాయనది హెచ్ వన్, ఆవిడది డిపెండెంట్ వీసా. ఇక్కడ పని చెయ్యకూడదు. అందుకని ఎవరి దగ్గరా పైసా ముట్టుకోకుండా నేర్పేది. మేం మాత్రం ఊరుకుంటామా? దోసెపిండి, గోంగూర పచ్చడి, సున్నుండలు ఆవిడ కారు డిక్కీలో పెట్టేసేవాళ్ళం. "అక్కా, మీ పచ్చళ్ళు తిని నాకే ఉరుకుడు వస్తలేదు" అని మొత్తుకునేది. నేను మొదట్లో ఆవిడని మీరు అనేదాన్ని. "మీరు గీరు అనకక్కా, ముసలిదాన్నైపోయిన అనిపిస్తది" అని మాన్పించింది.

జూన్‌లో కారు స్టీరింగ్ ముట్టుకుంటే చెయ్యి కాలే ఊరు మాది. అందుకని ప్రాక్టీసు ఎండ రాకముందే. పిల్లలు నిద్రమొహాలతో వచ్చేసరికి ఆవిడ కోర్టు ఊడ్చి, బంతుల బుట్ట నింపి, ఎదురు చూస్తూ ఉండేది. ఎంత బాగా కొట్టినా 'గుడ్ షాట్' అనడం ఆవిడ నోట నేను వినలేదు. "ఇంకోటి" అనేది. చెడగొట్టినా అదే మాట. ఏది మెచ్చుకోలో, ఏది తిట్టో పిల్లలకి ఆ గొంతునిబట్టి తెలిసేది. పెద్దవాళ్ళకి తెలిసేది కాదు. "ఏమిటిది, పిల్ల అంత బాగా కొడితే ఇంకోటంటారావిడ? ఇంట్లో మా అత్తగారు ఇడ్లీ వడ్డించినట్టు" అని మా ఆయన నా దగ్గర గొణిగేవాడు. ఆవిడ దగ్గర గొణిగే ధైర్యం ఎవరికీ లేదు.

మన తెలుగు తల్లిదండ్రుల సంగతి తెలిసిందే కదా. టెన్నిస్‌ని కూడా ట్యూషన్‌లాగే చూశాం. "మేడమ్, సిలబస్ ఎప్పటికి పూర్తవుతుంది?" అనే ధోరణి. ఒకసారి ఒక తండ్రి వినయంగా చేతులు కట్టుకుని అడిగాడు.

"మేడమ్, మావాడు నేషనల్స్‌కి ఎప్పటికి రెడీ అవుతాడండీ? టైమ్‌లైన్ చెప్తే మేం ప్లాన్ చేసుకుంటాం."

"ఉగాదికి" అంది ఆవిడ, తల ఎత్తకుండా.

"ఏ ఉగాదికండీ?"

"పాయింట్ పాయింట్‌కి మీ మొహం చూసుడు వాడు ఎప్పుడు బంద్ చేస్తడో, ఆ ఉగాదికి."

ఆవిడ వీపు పెట్టి కూర్చోవడానికి కారణం అదే. చిన్నపిల్లలు ఆడేటప్పుడు ఒక్కొక్క బంతికీ కంచె వైపు చూస్తారు. అమ్మ మొహం వెలిగిందా, నాన్న మొహం మాడిందా అని. ఆ చూపు పోతే తప్ప ఆట రాదని ఆవిడ పట్టుదల. మొదట్లో ఆవిడ వైపు చూసే పిల్లలని "నా మొహం మీద స్కోరు రాసున్నదా? బాల్‌ని చూడు" అని కసిరేదట. అయినా చూస్తూనే ఉన్నారు. అందుకని మొహమే తిప్పేసుకుంది.

పిల్లల టోర్నమెంట్లలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఒక్కో కోర్టుకి ఒక్కో అంపైరు ఉండడు. బంతి అవుటో కాదో ఆడే పిల్లలే నిజాయితీగా చెప్పుకోవాలి. బయటినుంచి ఎవరూ ఏమీ అనకూడదు, సైగ కూడా చెయ్యకూడదు. ఒకసారి మా ఆయన ఉండబట్టలేక "అమ్మలూ, అది అవుటే!" అని తెలుగులో అరిచాడు. తెలుగు ఎవరికి అర్థమవుతుందిలే అని ఆయన ధీమా. అవతలి పిల్ల తల్లి వెళ్ళి, ఎవరో పెద్దాయన రహస్య భాషలో కోచింగ్ ఇస్తున్నాడని ఫిర్యాదు చేసింది. అధికారి వచ్చి, ఏ భాషలోనైనా నోరు విప్పడానికి వీల్లేదని, ఇంకోసారైతే పిల్లకి పాయింటు పోతుందని మర్యాదగా చెప్పి వెళ్ళాడు. శ్రావ్య సిగ్గుతో ఆ మ్యాచ్ ఓడిపోయింది. మర్నాటి నుంచి కన్నవాళ్ళు కూడా పార్కింగ్ లాట్ వైపే తిరిగి కూర్చోవాలని ఆవిడ హుకుం జారీ చేసింది. మేం కూర్చున్నాం. కానీ మెడలు ఊరుకోవు కదా. దొంగచూపులు చూస్తూనే ఉండేవాళ్ళం.

ఆవిడ మెడ మాత్రం కదిలేది కాదు. అలాగని ఆటలో ఏం జరిగిందో తెలియక కాదు. మ్యాచ్ అయ్యాక పిల్లని పిలిచి, "రెండో సెట్‌ల ఎందుకట్ల వెనకకి వెనకకి పోయినవ్? భయమైందా?" అని అడిగేది. పిల్ల నోరెళ్ళబెట్టేది, మేమూ నోరెళ్ళబెట్టేవాళ్ళం. బంతి చప్పుడునిబట్టి పట్టేస్తుందని ఒకరు, అడుగుల శబ్దాన్నిబట్టి అని ఒకరు. ఆవిడకేదో ఉపాసన ఉందని మా ఫ్రెండ్ వాళ్ళ మావగారు, వేసవికని ఇండియా నుంచి వచ్చినాయన, గట్టిగా నమ్మాడు. ఆవిడ అవుననలేదు, కాదనలేదు. గ్రిప్ టేపు చుట్టుకుంటూ నవ్వేది.

ఆవిడకి ఇంకో పిచ్చి కూడా ఉండేది. మా వ్యాన్. ముదురు నీలం మినీవ్యాన్, నల్లటి అద్దాలది. మేం ఎప్పుడు వెళ్ళినా దాన్ని ఆవిడ కుర్చీకి ఎదురుగానే పెట్టాలి. "అక్కా, బండి ఈడ పెట్టు. కొంచెం ముందుకు. ఆఁ, ఇగ కొంచెం వెనకకు. బస్" అని విమానాన్ని గేటుకి చేర్చేవాళ్ళలాగా రెండు చేతులూ ఊపేది. "ఆవిడ కూర్చునే చోటికి నీడ కోసం మన బండి ఎండలో మాడాలా?" అని మా ఆయన సణుగుడు. వేరే ఊళ్ళకి టోర్నమెంట్‌కి వెళ్తే క్లబ్బు గది అద్దాల తలుపుకి ఎదురుగా కుర్చీ వేసుకునేది. తలుపు తీసినప్పుడల్లా ఏసీ గాలి తగులుతుందని కాబోలు అనుకునేవాళ్ళం.

ఇలా ఐదారేళ్ళు గడిచేసరికి మా శ్రావ్య, వాళ్ళ నిత్య ఆ చుట్టుపక్కల రాష్ట్రాలన్నిటిలోనూ ఆ ఈడు పిల్లల్లో పైకొచ్చేశారు. మా శ్రావ్యది బలం. నిత్యది ఓపిక. ఎటు కొట్టినా తిరిగి వచ్చేస్తుంది. ఇద్దరికీ పన్నెండేళ్ళు వచ్చిన సంవత్సరం నేషనల్ క్యాంపు మాట వినబడింది. దేశం మొత్తం మీద ఆ వయసు ఆడపిల్లల్లో కొద్దిమందిని ఏరి, ఫ్లోరిడాలో ఉంచి నేర్పుతారు. మా ప్రాంతం నుంచి ఒక్కరికే చోటు. ఎవరికివ్వాలో చూడటానికి మా ప్రాంతీయ టోర్నమెంట్ ఫైనల్‌కి అక్కడి కోచ్ ఒకాయన స్వయంగా వస్తున్నాడు. ఆ ఫైనల్‌కి వచ్చింది ఎవరో వేరే చెప్పాలా? శ్రావ్య, నిత్య. జరిగేదీ మా హైస్కూల్ కోర్టులోనే.

ఆ వారమంతా మా వాళ్ళు చెవులు కొరుక్కున్నారు. ఆవిడ కూతురికి ప్రత్యేకంగా ఏదో నేర్పుతోందన్నారు కొందరు. నాకూ లోపల పీకుతూనే ఉంది. ఎంతైనా కన్నతల్లి. కానీ ఆవిడ ఎప్పటిలాగే పొద్దున్నే ఇద్దరినీ నెట్టుకి చెరో వైపు నిలబెట్టి "ఇంకోటి, ఇంకోటి" అనడం తప్ప ఏమీ చెయ్యలేదు.

ఫైనల్ రోజు మేం మామూలుగా వ్యాన్ తీసుకెళ్ళి ఆవిడ కుర్చీ ఎదురుగా పెట్టబోయాం. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇయ్యాల ఈడ వద్దక్కా. ఆ చివరకి తీస్కపో."

"అదేమిటి? రోజూ ఇక్కడే కదా?"

"ఇయ్యాల వద్దు" అంది. అంతే. మేం వ్యాన్ తీశాక, ప్రాక్టీసుకి వాడే ప్లాస్టిక్ కోన్లు తెచ్చి ఆ ఖాళీల్లో వరసగా పేర్చింది, ఇంకెవరూ కారు పెట్టకుండా. నాకు మండిపోయింది. ఇన్నాళ్ళూ బండి కావలసి వచ్చింది, ఇవాళ మా పిల్ల వాళ్ళ పిల్లకి పోటీ అయ్యేసరికి మా బండి నీడ కూడా పనికిరాకపోయిందన్నమాట అని మా ఆయన దగ్గర కారాలు మిరియాలు నూరాను. ఆయన "పోనీలే, టెన్షన్‌లో ఉంది" అన్నాడు. ఆవిడ ఖాళీ తారునేలకీ, దాని అవతల స్కూలు ఇటుకగోడకీ ఎదురుగా కూర్చుని గ్రిప్ టేపు తీసింది.

ఆ రోజు మేం మెడలు తిప్పి కాదు, ఏకంగా లేచి నిలబడి చూశాం. మొదటి సెట్ శ్రావ్యది, రెండోది నిత్యది. ఎండ ముదిరింది. మూడో సెట్‌లో పిల్లలిద్దరి మొహాలూ కందిపోయాయి. ఒక్కోసారి ఒక్కో పాయింటు ఎంతకీ తెగేది కాదు. నిత్య కొట్టిన బంతి ఒకటి గీత మీద పడ్డట్టు నాకనిపించలేదు. శ్రావ్య మాత్రం చెయ్యి చాపి, పడింది అంది. ఇద్దరిలో ఒక్కరు కూడా కంచె వైపు చూడలేదు. అది చూసి నాకు గుండె నిండిపోయింది. చివరికి నిత్య గెలిచింది. పిల్లలిద్దరూ నెట్టు దగ్గర కావలించుకుని, నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియకుండా నిలబడ్డారు.

నేను కుర్చీ దగ్గరికి వచ్చాను. ఆవిడ తల ఎత్తి చూసింది.

"ఎవరు గెలిచిన్రక్కా?"

ఒళ్ళు మండింది నాకు. వెన్ను తిప్పుకుని కూర్చుని ప్రతి బంతి లెక్కా చెప్పే మనిషి, ఇవాళ ఎవరు గెలిచారని నన్నడుగుతోంది!

"మీ అమ్మాయే. నీకు తెలీనట్టు" అన్నాను.

"ఊఁ" అంది. చుడుతున్న టేపు చివరిదాకా చుట్టి, చింపి, అతికించింది. తర్వాత లేచి కోర్టులోకి వెళ్ళింది. ముందు శ్రావ్య తల మీద చెయ్యి వేసింది. తర్వాత నిత్యకి నీళ్ళ సీసా ఇచ్చింది.

ఫ్లోరిడా నుంచి వచ్చిన ఆ కోచ్ నిత్య దగ్గరికి వచ్చి మెచ్చుకుని, తల్లిని పక్కకి పిలిచి మాట్లాడాడు. పాప ఎక్కడ పుట్టింది, వీసా స్టేటస్ ఏమిటి అన్న మాటలు నాకు వినబడ్డాయి. ఆవిడ తొణక్కుండా ఇంగ్లీషులో జవాబు చెప్పింది. ఆయన మొహం వాడిపోయింది. ఆవిడ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఏదో అన్నాడు. తర్వాత మెల్లగా మా వైపు నడిచి వచ్చాడు.

రేపు ఈ దేశం తరఫున ఆడగలిగే పిల్లలకే ఆ క్యాంపు. మా శ్రావ్య చాండ్లర్ ఆసుపత్రిలో పుట్టింది. నిత్య సికింద్రాబాద్‌లో పుట్టి, మాటలొస్తున్న వయసులో వచ్చింది. వాళ్ళ గ్రీన్ కార్డు ఏళ్ళ తరబడి లైన్లో ఉంది. చోటు మా పిల్లకి వచ్చింది.

మర్నాడు మేం ముగ్గురం వాళ్ళ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళాం. నిత్య శ్రావ్యని తన గదిలోకి తీసుకెళ్ళి తలుపేసుకుంది. ఆవిడ టీ పెడుతోంది. నేను ఆగలేకపోయాను.

"మేం పంపించం. గెలిచింది నిత్య. ఓడిన పిల్లని ఎలా పంపమంటావు? నాకు ముద్ద దిగట్లేదు."

ఆవిడ గిర్రున తిరిగింది. నామీద అంత కోపం నేనెప్పుడూ చూడలేదు.

"గట్ల అనకక్కా. నీ బిడ్డ ఎవరి జాగ గుంజుకోలే. ఆడి తెచ్చుకున్నది. పంపకపోతే నాతోని మాట్లాడకు."

"మరి నిత్య?"

"నాకు ఎర్కనే. రెండేండ్ల కిందనే ఎర్క, దానికి రాదని."

మా ఆయన తాగుతున్న మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టేశాడు. "తెలిసే నేర్పారా? అమ్మాయికి చెప్పలేదా?" అన్నాడు.

"చెప్తే ఆట బంద్ చేస్తుండె అన్నా. పన్నెండేండ్ల పిల్లకి నేను బ్యాక్‌హ్యాండ్ నేర్పాల్నా, వీసా నేర్పాల్నా?" అంది. అని, పొంగుతున్న టీ దించేసి, మాకు మొహం కనబడకుండా చాలాసేపు వడకట్టింది. వడకట్టాల్సింది నాలుగు కప్పులే. నాకు ఏడుపొచ్చింది. లేచి వెళ్ళి ఆవిడ భుజం పట్టుకున్నాను. ఆవిడ "చక్కెర సరిపోయిందా చూడు" అంది.

శ్రావ్య వెళ్ళేదాకా రోజూ ప్రాక్టీసే. ఎదుట నిత్యే. "నిత్యని ఓడించి పో. ఓడించకుండ పోతే ఆడ నా పరువు పోతది" అని శ్రావ్యకి చెప్పింది. నిత్య ఒక్క బంతి కూడా ఊరికే వదల్లేదు. తల్లికి తగ్గ పిల్ల. ఆఖరి వారంలో ఓ పొద్దున శ్రావ్య గెలిచింది. ఎగిరి గంతేసి ఆవిడ వైపు చూసింది. "ఇంకోటి" అంది ఆవిడ.

ఆ మరుసటి సంవత్సరం చాలామందికి ఉద్యోగాలు పోయిన రోజుల్లో వాళ్ళాయన ఉద్యోగమూ పోయింది. ఉన్నపళంగా సామాన్లు అమ్మేసి హైదరాబాద్ వెళ్ళిపోయారు. ఎయిర్‌పోర్టుకి మా వ్యాన్‌లోనే తీసుకెళ్ళాను. దిగేటప్పుడు ఆవిడ దాని పక్క అద్దాన్ని అరచేత్తో తుడిచి, "ఈ బండిని అమ్మకక్కా, మంచి బండి" అంది. పోయేముందు బండి మీద ప్రేమేమిటో అనుకున్నాను. మా శ్రావ్య పెద్ద ఛాంపియనేం కాలేదు. క్యాంపు, టోర్నమెంట్లు అయ్యాక కాలేజీ టీముకి ఆడుతోంది, ఆట వల్లే సీటొచ్చింది. నిత్య అక్కడ పిల్లలకి నేర్పుతోందట.

పోయిన వారం శ్రావ్య సెలవులకి వచ్చింది. వచ్చిన మర్నాడే "అమ్మా, మనం హైస్కూల్ కోర్ట్‌కి వెళ్దామా?" అంది. పాత స్నేహితురాలిని ఒకర్ని పిలిచింది. ముసలి వ్యాన్‌లోనే వెళ్ళాం. అమ్మలేదు దాన్ని. అలవాటుగా ఆ పాత చోటే పెట్టాను. డిక్కీలో మడత కుర్చీ ఉంటే తీసి కంచె పక్కన వేసుకున్నాను. ఆవిడ మీద గౌరవంతో అనుకోండి, కోర్టుకి వీపు పెట్టి కూర్చున్నాను. వెనక వాళ్ళు ఆట మొదలుపెట్టారు.

తల ఎత్తి ఎదురుగా చూద్దును కదా, మా వ్యాన్ నల్ల అద్దంలో కోర్టు మొత్తం ఉంది. పొద్దుటి ఎండలో నెట్టు, గీతలు, పరుగెత్తుతున్న శ్రావ్య, ఆమె జడ ఊగడం కూడా కనబడుతోంది. పసుపుపచ్చ బంతి అద్దంలో ఆ చివరి నుంచి ఈ చివరికి వెళ్తోంది.

ఒక్కసారిగా నవ్వొచ్చింది నాకు. ఓసి నీ ఇల్లు బంగారం కానూ! ఉపాసన లేదు, చప్పుడు వినడం లేదు. ఇన్నేళ్ళూ మా బండిని ముందుకీ వెనక్కీ జరిపించి, ఎంచక్కా ప్రతి మ్యాచ్ చూసింది! పిల్లలకి మొహం కనబడకూడదు, తను మాత్రం వాళ్ళని చూడకుండా ఉండలేదు. కళ్ళనీళ్ళొచ్చేలా ఒక్కదాన్నీ నవ్వుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది, ఫైనల్ రోజు ఆవిడ బండి తీసెయ్యమంది.

నవ్వు ఆగిపోయింది. కోన్లు గుర్తొచ్చాయి. ఇటుకగోడ గుర్తొచ్చింది. ఎవరు గెలిచిన్రక్కా అని అడగడం గుర్తొచ్చింది. నిజంగానే అడిగిందావిడ. కూతురు తన బతుకులో అంత గొప్పగా ఆడిన రోజున, గెలిచినా దక్కనిదాని కోసం పరుగెడుతుంటే, ఆ ఒక్క ఆట చూడలేకపోయింది. అలాగని లేచి వెళ్ళిపోనూ లేకపోయింది.

నేను లేచి వెళ్ళి వ్యాన్ స్టార్ట్ చేసి, ఆ చివరికి తీసుకెళ్ళి పెట్టి వచ్చాను.

"అమ్మా, వ్యాన్ ఎందుకు మూవ్ చేసింది నువ్వు?" అని కోర్టులోంచి అరిచింది శ్రావ్య, తన అమెరికా తెలుగులో.

"ఏం లేదులే, నువ్వు ఆడుకో" అన్నాను.

మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా ఖాళీ తారునేల, దాని అవతల ఇటుకగోడ. వెనక నా కూతురు ఆడుతోంది. బంతి చప్పుడు వినబడుతోంది. ఆ చప్పుడునిబట్టి ఏమీ తెలియడం లేదు.